ఐఫోన్‌లో బూడిద మరక చూసి ఫ్రంట్‌ఎండ్ మానేస్తావా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడు చదువుతున్నాను. కాలేజీ ఫెస్ట్ వెబ్‌సైట్ నేనే చేశాను. ఫొటోల వరుస అంచు తెల్లగా కరిగిపోయేలా ఫేడ్ పెట్టాను. నా ల్యాప్‌టాప్ క్రోమ్‌లో బాగానే ఉంది, సీనియర్ దగ్గరున్న ఐఫోన్ 6లో మాత్రం అంచంతా బూడిదరంగు, అందులో క్రోమ్ పెట్టినా అంతే. రెండు రాత్రులు పోయాయి. ఫ్రంట్‌ఎండ్, అంటే సైట్‌లో కంటికి కనపడే భాగం చేసే పని, మానేసి నాన్న చెప్పినట్టు జావా కోర్సులో చేరిపోనా?

జవాబు: జావా ఇష్టమైతే చేరమ్మా, కాదనను. కానీ ఒక మరకకి భయపడి మాత్రం వద్దు, అది నీ తప్పు కూడా కాదు. గ్రేడియంట్‌లో, అంటే ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి మారే చోట, తెలుపు నుంచి ‘ట్రాన్స్‌పరెంట్’ అని రాసి ఉంటావు. పేజీ రంగూ రూపం రాసే సీఎస్‌ఎస్‌లో ఆ మాటకు అసలు అర్థం ఆల్ఫా (రంగు ఎంత కనపడాలో చెప్పే అంకె) సున్నాగా ఉన్న నలుపు. రంగుని ముందు ఆల్ఫాతో గుణించి ఆ తర్వాతే కలపాలని స్పెసిఫికేషన్ చెబుతుంది, అలా చేస్తే ఆ నలుపు ఎక్కడా బయటపడదు. ఐఫోన్‌తో వచ్చే బ్రౌజర్ సఫారీ పాత వెర్షన్లలో గుణించకుండానే కలిపేసేది, అందుకే మధ్యలో బూడిద తేలింది. 2022లో సఫారీ 15.4 వెర్షన్‌తో సరిచేశారు గానీ ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయింది, దానికి ఇక ఆ వెర్షన్ రాదు. క్రోమ్ పెట్టినా మారలేదంటావా, ఆ ఫోన్‌లో ఏ బ్రౌజరైనా లోపల పేజీని గీసేది సఫారీ వాడే వెబ్‌కిట్ ఇంజినే.

మందు ఒక్క లైనే. ట్రాన్స్‌పరెంట్ తీసేసి ఆర్‌జీబీఏ 255, 255, 255, 0 అని రాయి, అంటే కనిపించని తెలుపు.

టెస్టింగ్ కోసం ఐఫోన్ కొనిపెట్టమని ఇంట్లో అడగకు. ప్లేరైట్ అనే ఉచిత టూల్ విండోస్‌లోనూ వెబ్‌కిట్‌ని నడుపుతుంది. అది కొత్త వెబ్‌కిట్ కాబట్టి ఈ పాత మరక అందులో కనపడదు, ఇప్పటి తేడాలు పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. ‘రెస్పాన్సివ్ వెబ్‌సైట్ చేశాను’ అనే లైను నా దగ్గరికొచ్చే రెజ్యూమేల్లో చూసీ చూసీ విసుగొచ్చింది. నువ్వు ఈ మరక గురించి రాయి: ఏ ఫోన్‌లో వచ్చింది, ఎందుకొచ్చింది, ఏం మార్చావు. మిగతా పేజీ అంతా పీకేసి, పది పదిహేను లైన్లలో అదే మరక వచ్చే చిన్న పేజీ చేసి, కోడ్ నలుగురికీ చూపించే సైట్ గిట్‌హబ్‌లో పెట్టు. ఇంటర్వ్యూలో తెలివైనవాడు తగిలితే వెంటనే ఇంకోటి అడుగుతాడు, పేజీలో ఒక డబ్బాకి ఒపాసిటీ (ఎంత గట్టిగా కనపడాలో చెప్పే అంకె) 0.99 పెట్టగానే అందులోని మెనూ పక్క డబ్బా కిందకి ఎందుకు పోయిందని. అది బగ్ కాదు, ఒపాసిటీ 1 కంటే తగ్గితే కొత్త స్టాకింగ్ కాంటెక్స్ట్ పుడుతుంది, అంటే లోపలివాటిలో ఏది పైన ఏది కింద అనేది ఆ డబ్బా వరకే లెక్క, రూలే అది. ఏది బగ్గో ఏది రూలో విడదీసి చెప్పగలిగితే ఫ్రెషర్‌గా నీకు అంతకంటే ఏం కావాలి.

కోర్సు ఫీజు సెమిస్టర్ అయ్యేదాకా కట్టొద్దని నాన్నకి చెప్పు. ముందు ఆ లైను మార్చి, సీనియర్ ఫోన్ ఇంకోసారి అడిగి తీసుకుని చూడు.