వాల్ట్‌లో ఫస్ట్, మొత్తమ్మీద ఏడో స్థానం: బార్స్ మాన్పించాలా?

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. స్టేట్ జిమ్నాస్టిక్స్ మీట్‌లో వాల్ట్‌లో (పరుగెత్తుకొచ్చి బల్ల మీదుగా ఎగిరే అంశం) ఫస్ట్ వచ్చింది, నాలుగు అంశాల మార్కులూ కలిపే ఆల్ అరౌండ్‌లో మాత్రం ఏడో స్థానం. స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందని, మిగతావి మాన్పించి వాల్ట్ మీదే పెట్టమని చుట్టాలంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఇప్పుడే ఏదీ మాన్పించకండి. ముందు పాప స్కోర్ షీట్ తీసి, ఒక్కో ఆపరేటస్‌లో, అంటే వాల్ట్, బార్స్ (కమ్మీలు), బీమ్ (సన్నటి దూలం), ఫ్లోర్ (నేల మీద విన్యాసాలు) ఒక్కోదాంట్లో, ఫస్ట్ వచ్చిన అమ్మాయికీ తనకూ ఎంత తేడా ఉందో రాయండి. పాప మార్కుల్నే ఒకదానితో ఒకటి పోలిస్తే లాభం లేదు. వాల్ట్‌లో మార్కులు మామూలుగానే ఎక్కువ పడతాయి.

2016 రియో ఒలింపిక్స్ చూడండి. క్వాలిఫయింగ్‌లో మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌కు వాల్ట్‌లో 15.100, బార్స్‌లో 11.666, బీమ్‌లో 12.866, ఫ్లోర్‌లో 12.033 వచ్చాయి. మొత్తం 51.665, స్థానం 51. ఆల్ అరౌండ్ ఫైనల్లో స్వర్ణం గెలిచిన అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ మొత్తం 62.198. పదిన్నర పాయింట్ల ఈ తేడాలో వాల్ట్ వాటా 0.766 మాత్రమే, ఫ్లోర్ ఒక్కటే 3.9. అదే దీపా వాల్ట్ ఫైనల్లో 15.066తో నాలుగో స్థానంలో నిలిచింది. కాంస్యం 0.150తో చేజారింది.

కాబట్టి ఒక్క ఆపరేటస్‌తో పేరు రాదని నేననను. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్‌లోనే కాంస్యం తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా కుర్రాడు స్టీఫెన్ నెడొరోసిక్ పామెల్ హార్స్ (పిడులున్న దిమ్మె) ఒక్కటే చేసి టీమ్ కాంస్యంలో భాగమయ్యాడు, విడిగా ఇంకో కాంస్యమూ గెలిచాడు. కాకపోతే మగవాళ్ల పోటీలో ఉండే మిగతా ఐదు ఆపరేటస్‌లు చేసే సత్తా జట్టులో వేరేవాళ్లకు ఉంది కాబట్టే అది కుదిరింది. అలాంటి జట్టు మనకెక్కడిది?

ఇంకో మాట. ఆల్ అరౌండ్ లెక్కకు ఒక్క వాల్ట్ చాలు. పెద్ద పోటీల్లో వాల్ట్ ఫైనల్‌కు వెళ్లాలంటే రెండు వేర్వేరు వాల్ట్‌లు చేయాలి, సగటు తీస్తారు. మీ పాప రెండోది ఏం నేర్చుకుంటోందో కోచ్‌ని అడగండి. బార్స్‌లో మార్కులు డి (D) స్కోరులో, అంటే విన్యాసాల కష్టానికి ఇచ్చే మార్కుల్లో తగ్గుతున్నాయా, ఈ (E) స్కోరులో, అంటే వాటిని చేసిన తీరుకు ఇచ్చే మార్కుల్లోనా అన్నదీ అడగండి. డి తక్కువైతే ఇంకా కష్టమైన విన్యాసాలు నేర్చుకోవాలి, దానికి టైం పడుతుంది. కిందపడటం వల్లే పోతుంటే ఒక్కో పడిపోవడానికి ఒక పాయింటు కోత, అది సాధనతో తగ్గించుకోవచ్చు.

రెండేళ్లు నాలుగూ చేయించండి. అప్పటికీ బార్స్‌లో తేడా తగ్గకపోతే, రెండో వాల్ట్ నిలకడగా దిగుతుంటే, అప్పుడు వాల్ట్‌కు టైం పెంచమని కోచ్‌తో మాట్లాడండి. స్పోర్ట్స్ కోటా సంగతంటారా, ఏ పోటీలో ఏ స్థానానికి ఎంత వెయిటేజీ ఇస్తున్నారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మీరే చదవండి. చుట్టాల మాట మీద లెక్కలు వేసుకోవద్దు.