చోటు ఒకటి, అడిగేవాళ్లు నలుగురు

బుల్లీ,

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో నీకు డ్యూటీ పడిందన్నప్పుడే ఈ ప్రశ్న వస్తుందనుకున్నాను. కిడ్నీల బదులు రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మెషిన్ మీద ఒక్క చోటు ఖాళీ అయింది, నలుగురు అడుగుతున్నారు, ఎవరికివ్వాలి బాబాయ్ అన్నావు.

ముందు లెక్క చూడు. మనిషికి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రోజుకు మూడు షిఫ్టులు నడిపినా ఒక మెషిన్ మీద ఆరుగురే పడతారు. జాలిపడి ఏడో మనిషిని ఇరికించావంటే ఇంకెవరికో మూడు కాస్తా రెండవుతాయి. ఆ రెండుసార్ల మనిషే ఒళ్లంతా నీరు పట్టి, ఆయాసంతో అర్ధరాత్రి నీ దగ్గరికే వస్తాడు.

నలుగురినీ ఒకే వరసలో నిలబెట్టకు. పాము కరిచో, వాంతులు విరేచనాలు ముదిరో కిడ్నీలు హఠాత్తుగా పడిపోయిన మనిషి ఉంటే అతనే ముందు. అలాంటివాళ్లలో చాలామందికి కొన్నిసార్లు చేస్తే కిడ్నీలు తేరుకుంటాయి, ఆ చోటు మళ్లీ నీ చేతికొస్తుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఈసీజీ మారినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడుకోలేకపోతున్నా వరస చూడొద్దు. కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, రక్తంలో ఎక్కువుందని కాగితం పట్టుకొచ్చి, అన్నం తింటూ, మూత్రం బాగా వస్తున్న మనిషి మాత్రం ఆగగలడు. తొందరగా మొదలుపెట్టినంత మాత్రాన ఎక్కువకాలం బతకరని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ డాక్టర్లు 2010లోనే తేల్చారు. అలాగని ఊరికే ఇంటికి పంపకు, చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి వీలుగా రెండు రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్, వేయించుకు రమ్మను. అది సూదికి పనికొచ్చేసరికి నెలన్నరో రెండు నెలలో పడుతుంది.

ఇంతవరకూ వైద్యమే. ఆ తర్వాత కూడా ఇద్దరు సమానంగా మిగిలితేనే అసలు చిక్కు. 1962లో అమెరికాలో సియాటిల్ వాళ్లకీ ఇదే వచ్చింది. లాయరు, పాస్టరు, బ్యాంకరు, గృహిణి, కార్మిక నాయకుడు, ప్రభుత్వ అధికారి, సర్జను, ఇలా ఏడుగురితో కమిటీ వేశారు. వాళ్లు పెళ్లయిందా, పిల్లలెందరు, సంపాదనెంత, చర్చికి వెళ్తాడా అని చూసి చోటిచ్చారు. విషయం పత్రికకెక్కి దేశమంతా దుమారం రేగింది. పదేళ్లకు, 1972లో, ఖర్చు ప్రభుత్వమే భరించేలా చట్టం తెచ్చుకున్నారు. మన దగ్గర కమిటీ ఉండదు గానీ అవే ప్రశ్నలు మన నోట్లోనే ఉంటాయి: "వాడు తాగుబోతు", "ఈయనకు ఎదిగొచ్చిన కొడుకులున్నారు". కొబ్బరితోట ఆసామికీ, జీడిపిక్కలు కొట్టే ఆడమనిషికీ మధ్య ఎవరి బతుకు గొప్పదో తేల్చే పని నీది కాదు. ముందు పేరు రాయించుకున్నవాళ్లకు ముందు ఇవ్వు. ఆ నియమం కాగితం మీద రాసి, సూపరింటెండెంట్ గారి సంతకంతో గోడకు అంటించు. దక్షిణాఫ్రికాలోని దర్బన్‌లో డయాలసిస్‌కు చోటు దొరకని ఒక రోగి 1997లో రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లాడు. నియమం ముందే ఉంది, అందరికీ ఒకేలా అమలైంది అని కోర్టు ఆసుపత్రి పక్షానే నిలిచింది. ఆయన కొద్దికాలానికే పోయాడు. ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ నియమమే లేకపోతే డాక్టరు మొహం చూసి ఇచ్చేవాడు కదా.

నాలుగో మనిషి మంచం దిగలేని ముసలాయన అన్నావు. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో ఉంటూ డయాలసిస్ మొదలుపెట్టినవాళ్లను లెక్కతీస్తే ఏడాదికి నూటికి 58 మంది పోయారు, మునుపటిలా తమ పనులు చేసుకోగలిగినవాళ్లు 13 మందే. ఇది వయసును బట్టి చెప్పే మాట కాదు. డెబ్బై అయిదేళ్లొచ్చినా పొలం గట్టున తిరిగేవాళ్లకు బాగానే పనిచేస్తుంది. కొడుకు ఫైలు పట్టుకుని "నాన్నకు ఏం చెప్పకండి మేడం" అంటాడు. అతన్ని టీకి పంపి పెద్దాయన్నే అడుగు. "వారానికి మూడుమార్లు ఆ ఆటోలో ఊగలేనమ్మా" అంటే అదే జవాబు. తేల్చుకోలేకపోతే ఒక నెల చేసి చూద్దామను, ఏం మెరుగైతే కొనసాగిస్తామో ముందే మాట్లాడుకో. వద్దన్నవాళ్లకు ఆయాసానికీ, దురదకూ, వాంతులకూ మందులివ్వడం నీ పనే. నీ ఫోన్ నంబరు ఆ ఇంటికి ఇవ్వు.

సిఫార్సు ఫోన్లు తప్పవు. "అలాగేనండీ, రిజిస్టర్లో మీ పేరు కూడా రాసుకుంటాను" అని మర్యాదగా చెప్పు. చాలావరకు అక్కడితో ఆగుతాయి.

ఆ నలుగురి రిపోర్టులూ పేర్లు, ఊళ్లు కొట్టేసి నాకు పంపు. మీ సీనియర్ నర్సునీ కూర్చోబెట్టుకో. రాత్రి ఎనిమిదికి ఫోన్లో ముగ్గురం చూద్దాం.

మీ బాబాయి