మదర్‌బోర్డులోని రెయిడ్ ఆన్ చేయాలా? మా స్టూడియో అనుభవం

మహబూబ్‌నగర్‌లో కొత్త ఫొటో స్టూడియో పెడుతున్నానని, 4 టెరాబైట్ల డిస్కులు రెండు కొన్నానని, మదర్‌బోర్డులోనే రెయిడ్ (ఒకటి కంటే ఎక్కువ డిస్కులను కలిపి ఒకే డిస్కులా నడిపే ఏర్పాటు) ఉంది కాబట్టి ఆన్ చేయవచ్చా అని అడిగారు. వద్దండి.

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర మాకూ స్టూడియో ఉంది. మీలాగే ఆలోచించి రెయిడ్ 1 పెట్టుకున్నాను. ఒక డిస్కులో పడిందే రెండో దాంట్లోనూ పడుతుంది, ఒకటి చెడినా పెళ్లి వీడియోలు భద్రమని ధైర్యం. మూడేళ్లు బాగానే నడిచింది. చివరికి చెడింది డిస్కు కాదు, బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ. కరెంటు లేనప్పుడు తేదీని, బోర్డు సెట్టింగులను నిలిపి ఉంచేది అదే.

ఎండాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా ఆగిపోయింది. పొద్దున చూస్తే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లింది, ఎఫ్1 నొక్కమని తెర మీద ఉంది. మా దగ్గర పనిచేసే కుర్రాడు నొక్కాడు. అప్పటికే బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులన్నీ చెరిగిపోయి, రెయిడ్ బదులు డిస్కులను విడివిడిగా చూపే ఏహెచ్‌సీఐ పద్ధతి వచ్చి కూర్చుంది. విండోస్ వేరే ఎన్‌వీఎంఈ డిస్కులో (బోర్డుకే బిగించే చిన్న ఎస్‌ఎస్‌డీ) ఉంది కాబట్టి మామూలుగానే తెరుచుకుంది. రెండు డిస్కులకూ ఒకే గుర్తింపు ఉండటంతో ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో (వాడకుండా పక్కన) పెట్టి, రెండోదాన్నే చూపించింది. ఫైళ్లన్నీ కనిపిస్తుంటే అనుమానం ఎందుకు వస్తుంది? రెండు రోజులు మిర్యాలగూడ పెళ్లి ఎడిటింగ్ చేశాం.

మూడో రోజు గమనించి, మళ్లీ రెయిడ్ ఆన్ చేశాను. కొంప మునిగింది అక్కడే. డిస్కుల మీద రాసి ఉన్న రెయిడ్ వివరాల ప్రకారం రెండూ ఒకటే. నిజానికి ఒకదాంట్లో రెండు రోజుల పని ఎక్కువగా ఉంది. చదివేటప్పుడు కొంత ఇందులోంచి, కొంత అందులోంచి తీసుకోవడంతో ఫోల్డర్లు కలగాపులగమయ్యాయి. అప్పగింతల వీడియో సగం దాకా వచ్చి గళ్లుగళ్లుగా విడిపోయేది. కెమెరా కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసి ఇంకో పెళ్లికి పంపించాం. అమ్మాయి తండ్రికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆఫ్‌లైన్‌లో ఉండిపోయిన డిస్కు వైరు తీసేసి రెయిడ్ ఆన్ చేసి ఉంటే ఆ వీడియో దక్కేది.

బోర్డులోని రెయిడ్‌కు సొంత ప్రాసెసర్, సొంత బ్యాటరీ ఉండవు. పనంతా మన ప్రాసెసర్, డ్రైవరే చేస్తాయి. రెయిడ్ 5 (డేటాతో పాటు, ఒక డిస్కు పోతే దాన్ని తిరిగి రాబట్టే లెక్కను కూడా రాసే పద్ధతి) పెడితే, రాస్తుండగా కరెంటు పోయినప్పుడు ఆ లెక్క తప్పే ప్రమాదం ఉంది. డేటాను ముక్కలు చేసి డిస్కులకు పంచే రెయిడ్ 0 అయితే ఒక్క డిస్కు పోయినా మొత్తం పోయినట్టే, పెళ్లి వీడియోలకు దాన్ని తలపెట్టకండి.

విండోస్‌లోనే మిర్రర్ (రెండు డిస్కుల్లోనూ ఒకటే రాయడం) కావాలంటే స్టోరేజ్ స్పేసెస్ అనే సదుపాయం ఉంది. దాని వివరాలు డిస్కుల మీదే ఉంటాయి, బయోస్ సెట్టింగుతో పని లేదు. లైనక్స్ అయితే అదే పని చేసే ఎండీఏడీఎం అనే ప్రోగ్రాం ఉంది. విండోస్‌నే రెండు డిస్కుల మీద పెట్టి, బిల్లింగ్ ఒక్క గంట కూడా ఆగకూడదనుకునే దుకాణానికి బోర్డు రెయిడ్ 1 పనికి రావచ్చు. మీకు ఆ అవసరం లేదు.

ఇప్పుడు నేను రెండో డిస్కును మిర్రర్‌లో పెట్టలేదు. రోజూ రాత్రి దానికి కాపీ చేసి, వైరు తీసి ఇంటికి తీసుకెళ్తాను. పొరపాటున ఫోల్డర్ తొలగించినా, వైరస్ ఫైళ్లకు తాళం వేసినా మిర్రర్ ఆ నష్టాన్ని కూడా రెండు డిస్కుల్లోనూ రాస్తుంది. ఇంట్లో ఉన్న డిస్కు జోలికి అది రాదు. ఆ కాపీ తెరిచి చూసుకునే వరకు కెమెరా కార్డు ఫార్మాట్ చేయనివ్వను.

మీరు ఇప్పటికే రెయిడ్ ఆన్ చేసి ఉంటే, ముందు డేటా అంతా బయటి డిస్కులోకి తీసుకోండి. బయోస్‌లో చేయి పెట్టేది ఆ తర్వాతే.