ముందు మీ నిద్ర సంగతి చూడండి

ప్రశ్న: మా అత్తయ్యగారికి నిరుడు పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. అప్పటినుంచి స్నానం, మందులు, అన్నం కలిపి ముద్దలు పెట్టడం, అన్నీ నావే. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలన్నారని రాత్రిళ్లు అలారం పెట్టుకుని లేస్తున్నాను. మావారు అర్ధరాత్రి దాకా టీవీ చూస్తారు. మనిషిని పెట్టుకుందామంటే నలుగురూ ఏమనుకుంటారంటారు. నాకు జుట్టు ఊడుతోంది, కళ్లు తిరుగుతున్నాయి. పదో తరగతి చదివే అమ్మాయి మీద చీటికీమాటికీ అరుస్తున్నాను. ఓ గంట నాకోసం ఉంచుకోవాలనిపిస్తే తప్పు చేస్తున్నట్లుంటుంది.
- ఓ సోదరి, కాకినాడ

జవాబు: ఏడాదిగా ఒంటిచేత్తో ఇంత చాకిరీ చేస్తూ, గంటసేపు విశ్రాంతి కోరుకోవడం తప్పేమోనని మీరు మథనపడటం చదివి మనసు కలుక్కుమంది. అందులో తప్పేమీ లేదు. మీ బాధలన్నింటిలో నిద్ర సంగతే ముందు చూడాలి, ఎందుకంటే రెండు గంటలకొకసారి తెగిపోయే నిద్రతో నెలల తరబడి నెట్టుకొస్తున్న మనిషికి ఓర్పు నశించడం సహజం. దాన్ని మీ స్వభావంలోని లోపంగా లెక్కవేసుకోకండి.

మీవారు ఎలాగూ మేలుకునే ఉంటారు కనుక పదింటికీ పన్నెండింటికీ తల్లిని తిప్పే బాధ్యత ఆయనకు అప్పగించి, రెండింటికీ నాలుగింటికీ మీరు చూసుకోండి. తొమ్మిదింటికే పడుకుంటే మీకు ఐదు గంటల నిద్ర ఏకబిగిన దొరుకుతుంది. అయితే వేరే గదిలో పడుకోవాలి, లేకపోతే అత్తయ్యగారు మూలిగిన ప్రతిసారీ మీరే లేస్తారు. తనకు చేతకాదని ఆయన అంటే ఒకటి రెండు రాత్రులు పక్కనుండి నేర్పండి: ఆవిడ మోకాలు మడిచి, భుజమూ తుంటీ పట్టుకుని ఒకేసారి తనవైపు తిప్పుకోవాలి, పడిపోయిన చేతిని పట్టి లాగకూడదు, వీపు వెనుక ఒక దిండు, మోకాళ్ల మధ్య మరొకటి పెట్టాలి. మందుల దుకాణాల్లో గాలి పరుపులు దొరుకుతాయి. అది వేసినా తిప్పడం మానకూడదు కానీ, వ్యవధి ఎంత పెంచవచ్చో డాక్టరుగారిని అడగండి.

ఈ విషయం మీవారితో విసిగిపోయిన రాత్రివేళ కాక, ఆదివారం ఉదయం తీరికగా ఎత్తండి. "మీరేమీ పట్టించుకోరు" అంటే వాదన మొదలవుతుంది. "పదింటికీ పన్నెండింటికీ మీరు లేవండి, ఆదివారం సాయంత్రం అమ్మ దగ్గర మీరుండండి" అంటే అవునో కాదో చెప్పక తప్పదు. 2019లో కేంద్రం జరిపించిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది; మీ ఇంట్లో ఈ తేడా ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది. తల్లిదండ్రుల పోషణ గురించిన 2007 నాటి చట్టం కూడా ఆ బాధ్యతను కొడుకులు, కూతుళ్లు, మేజర్లైన మనవలు, మనవరాళ్ల మీదే పెట్టింది. బెదిరించడానికి కాదు, ఇది మొదట ఆయన బాధ్యతేనని మీకు గుర్తుండటానికి చెబుతున్నాను. పగటిపూట కొన్ని గంటలకు ఆయాను పెట్టుకోవడంలో నామోషీ లేదు. మాట అనే నలుగురిలో ఒక్కరూ రాత్రి రెండింటికి వచ్చి ఆవిడను తిప్పరు.

అత్తయ్యగారి ఎడమ చెయ్యి పనిచేస్తుంటే అన్నీ మీరే చేయకండి. డాక్టరుగారు సరేనంటే, ఆవిడను నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో స్వయంగా తిననివ్వండి. ఆలస్యమైనా, మెతుకులు కిందపడినా ఫరవాలేదు. తన పని తాను చేసుకోవడం ఆవిడకూ ఊరటే.

కళ్లు తిరగడం, జుట్టు ఊడటం మాత్రం ఈ వారమే డాక్టరుకు చూపించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు అవసరమేమో అడగండి. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి అది ఉంది. అందరూ తిన్నాక మిగిలినది తినడం మానేసి, అత్తయ్యగారి భోజనం కాగానే కూర్చుని తినండి. తిన్న వెంటనే టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

అమ్మాయికి నిజం చెప్పండి: నిద్రలేక అరిచానని, అందులో తన తప్పు లేదని. పరీక్షల ఏడాది కనుక ఆ పిల్లమీద సేవ భారం వేయవద్దు.

నిద్ర దొరికాక కూడా రెండు వారాలపాటు ఏడుపు, నిస్పృహ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.