జాంగోలో టెంప్లేట్లు ఎక్కడ పెట్టాలి? రసీదులు తారుమారయ్యాక నేను మార్చుకున్న పద్ధతి

మీ జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టులో 6 యాప్‌లు (ఒక్కో పనికి ఒక్కో విభాగం), 60 దాకా టెంప్లేట్లు (పేజీల హెచ్‌టీఎంఎల్ నమూనాలు) ఉన్నాయని, అన్నీ ఒకే ఫోల్డర్‌లో పడి ఉన్నాయని, యాప్‌ల వారీగా విడగొట్టాలా వద్దా అని అడిగారు. విడగొట్టండి. కాకపోతే విడగొట్టేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది, అది నేనూ చేశాను కాబట్టి ముందు దాని గురించే చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక ప్రైవేటు కాలేజీకి ఫీజుల సాఫ్ట్‌వేర్ చేశాం. ఫీజుల యాప్ లోపల టెంప్లేట్స్ ఫోల్డర్ పెట్టి, అందులో నేరుగా రిసీట్.హెచ్‌టీఎంఎల్ అని ఫైల్ రాశాను. ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత హాస్టల్ యాప్ చేర్చాం, దాంట్లోనూ రిసీట్.హెచ్‌టీఎంఎల్ ఉంది, సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో దాన్ని ఫీజుల యాప్ కంటే పైన రాశాం. మర్నాడు పొద్దున్నే కౌంటర్ నుంచి ఫోన్. ట్యూషన్ ఫీజు కట్టినవాళ్లకి హాస్టల్ రసీదు వస్తోంది. పైన విద్యార్థి పేరు సరిగ్గానే ఉంది, కింద రూమ్ నంబర్ దగ్గర ఖాళీ, మెస్ చార్జీల దగ్గర ఖాళీ, మొత్తం దగ్గర రూపాయి గుర్తు ఒక్కటే. బయట డబ్బు కట్టేసిన తల్లిదండ్రులు క్యూలో నిలబడి ఉన్నారు. ఆ టెన్షన్‌లో ఎర్రర్ లాగ్ తీసి చూస్తే ఒక్క ఎర్రరూ లేదు.

ఎందుకంటే జాంగో దృష్టిలో తప్పేమీ జరగలేదు. టెంప్లేట్ కావాలని అడిగితే అది ముందు సెట్టింగ్స్‌లో డిర్స్ (DIRS) కింద ఇచ్చిన ఫోల్డర్లలో చూస్తుంది, అక్కడ దొరక్కపోతే యాప్ డిర్స్ (APP_DIRS) అనే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు ఒక్కో యాప్‌లోని టెంప్లేట్స్ ఫోల్డర్‌ని జాబితాలో ఉన్న వరుసలోనే వెతుకుతుంది, ఆ పేరుతో మొదట ఏది కనిపిస్తే అదే తీసుకుంటుంది. పిలిచింది ఏ యాప్ అని చూడదు. పైగా టెంప్లేట్‌లో అడిగిన వేరియబుల్ లేకపోతే మామూలుగా అక్కడ ఖాళీ వదిలేసి ముందుకు పోతుంది. ఈ రెండూ కలిసేసరికి తప్పుడు కాగితం చక్కగా ప్రింటయి వచ్చింది.

అందుకే యాప్ లోపలి టెంప్లేట్స్ ఫోల్డర్‌లో మళ్లీ ఆ యాప్ పేరుతోనే ఇంకో ఫోల్డర్ పెట్టాలి. అంటే ఫీజులు/టెంప్లేట్స్/ఫీజులు/రిసీట్.హెచ్‌టీఎంఎల్. చూడటానికి ఒకే పేరు రెండుసార్లు రాసినట్టుంటుంది, మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు ప్రతిసారీ ఇదెందుకు అని అడుగుతారు కూడా. కానీ వ్యూలో (పేజీని తయారుచేసి పంపే కోడ్‌లో) ఫీజులు/రిసీట్.హెచ్‌టీఎంఎల్ అని పూర్తిగా పిలుస్తాం కాబట్టి హాస్టల్ రసీదుతో కలిసే అవకాశమే ఉండదు. లిస్ట్ వ్యూ లాంటి, జాంగోతో రెడీగా వచ్చే జనరిక్ వ్యూలు కూడా మనం పేరు ఇవ్వకపోతే యాప్ పేరు, స్లాష్, మోడల్ పేరు అన్న పద్ధతిలోనే ఫైల్‌ని వెతుకుతాయి.

మరి ప్రాజెక్టు మొత్తానికి ఉన్న ఉమ్మడి ఫోల్డర్‌లో ఏం ఉంచాలి? నా లెక్కలో ఏ ఒక్క యాప్‌కీ చెందనివి మాత్రమే: బేస్ ఫైల్ (అన్ని పేజీలకీ ఉమ్మడి చట్రం), 404, 500 ఎర్రర్ పేజీలు, లాగిన్‌కి సంబంధించిన రిజిస్ట్రేషన్ ఫోల్డర్. ఈ చివరిది జాగ్రత్త. పాస్‌వర్డ్ రీసెట్ పేజీ మీరు సొంతంగా రాసినా తెర మీద జాంగోతో వచ్చే అడ్మిన్ యాప్ పేజీయే వస్తోందంటే, సెట్టింగ్స్ జాబితాలో మీ యాప్ అడ్మిన్ కంటే కింద ఉందన్నమాట, ఎందుకంటే అడ్మిన్‌లోనూ సరిగ్గా అదే పేరుతో ఫైల్ ఉంది. ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టి, దాన్ని డిర్స్‌లో రాస్తే మీదే ముందు దొరుకుతుంది.

ఇంక్లూడ్ చేసే, అంటే ఒక టెంప్లేట్‌లోకి తెచ్చి పెట్టుకునే చిన్న ముక్కల విషయంలో నేను కాస్త పట్టుదలగానే ఉంటాను. రెండో చోట అవసరం పడేదాకా ముక్కని వేరే ఫైల్‌గా తీయను. ముందే తీస్తూ పోతే పది లైన్ల పేజీ కోసం ఏడు ఫైళ్లు తెరవాల్సొస్తుంది, చదివేవాడికి ప్రాణం మీదకొస్తుంది. తీసినప్పుడు మాత్రం పేరు ముందు అండర్‌స్కోర్ పెడతాం, ఇది పూర్తి పేజీ కాదని చూడగానే తెలుస్తుంది. ఇంక్లూడ్ చివర ఓన్లీ అని రాసి, కావాల్సిన విలువలు మాత్రమే పంపండి, లేకపోతే పేజీలో ఉన్న వేరియబుల్స్ అన్నీ ఆ ముక్కలోకి వెళ్తాయి, ఏడాది తర్వాత ఏది దేని మీద ఆధారపడిందో చెప్పలేం. ఎక్స్‌టెండ్స్ (ఒక టెంప్లేట్ చట్రం మీద ఇంకోటి కట్టడం) అయితే బేస్, దాని కింద యాప్ బేస్, దాని కింద పేజీ, అంతే, అంతకంటే లోతుకి వెళ్లొద్దు.

60 ఫైళ్లూ ఒకే రోజు జరపకండి. యాప్ తర్వాత యాప్ చేయండి, అన్నిటికంటే తక్కువ ఫైళ్లున్నదాంతో మొదలుపెట్టండి. పేరు మార్చిన ప్రతిసారీ వ్యూల్లోనే కాదు, మిగతా టెంప్లేట్లలోని ఎక్స్‌టెండ్స్, ఇంక్లూడ్ లైన్లలోనూ పాత పేరు వెతకాలి, ఈమెయిల్ పంపే కోడ్‌లో కూడా, అది చాలామంది మర్చిపోతారు. ముఖ్యమైన పేజీలకి అసర్ట్ టెంప్లేట్ యూజ్డ్ (ఏ టెంప్లేట్ వాడారో చూసే జాంగో టెస్ట్ ఫంక్షన్) తో చిన్న టెస్ట్ రాయండి, ఆ టెస్టులోనూ ఫోల్డర్ పేరుతో సహా పూర్తి పేరే ఇవ్వండి. రసీదు లాంటి పేజీకైతే అదొక్కటీ చాలదు, వచ్చిన పేజీలో కట్టిన మొత్తం ఉందో లేదో కూడా ఆ టెస్టులోనే చూడండి.