గడ్డ తీయమంటే రెండు అండాశయాలూ తీసేశారు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. అక్కకి 34 ఏళ్లు, పిల్లలు లేరు. స్కాన్‌లో ఎడమ అండాశయంలో గడ్డ ఉందని, ఓ-రాడ్స్ 3 అని రాశారు. హైదరాబాద్‌లో గడ్డ ఒక్కటే తీస్తామని చెప్పి, అక్క మత్తులో ఉండగా బావతో ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకుని రెండు అండాశయాలూ తీసేశారు. బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ "క్యాన్సర్ లేకపోయినా తీసేశారు" అన్న ఒక్క మాట మీద వేయకండి, అది నిలబడదు.

ఓ-రాడ్స్ అంటే అండాశయంలో గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంతో అందరు రేడియాలజిస్టులూ ఒకే లెక్కలో చెప్పడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ తెచ్చిన పద్ధతి. అల్ట్రాసౌండ్‌లో 2 అంటే నూటికి ఒకటి కన్నా తక్కువ, 3 అంటే 1 నుంచి 10 లోపు, 4 అంటే 10 నుంచి 50 లోపు, 5 అంటే 50, ఆపైన. అంటే మీ అక్కకి వచ్చినలాంటి గడ్డలు వందలో తొంభైకి పైగా క్యాన్సర్ కావు. అయినా కొంత అనుమానం ఉన్నట్టే కాబట్టి ఆపరేషన్ చేయడమే తప్పని వాదించడం కష్టం. ఆ నంబరు మీకు పనికొచ్చేది ఇంకోచోట. అనుమానం ముందే కాగితం మీద ఉందిగా, థియేటర్‌లో కొత్తగా పుట్టలేదుగా, మరి కుడివైపుది కూడా తీయాల్సి రావచ్చని ఆమె మెలకువగా ఉన్నప్పుడే ఎందుకు అడగలేదు?

అసలు బలం ఇక్కడే ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది సరిగ్గా ఇదే. పరీక్ష కోసం ల్యాప్రోస్కోపీకి (చిన్న రంధ్రం చేసి కెమెరాతో లోపల చూడటం) ఒప్పుకున్న 44 ఏళ్ల ఆమెకి, మత్తులో ఉండగా తల్లి సంతకంతో గర్భాశయం, అండాశయాలు తీసేశారు. ఆ సంతకం చెల్లదంది కోర్టు. ప్రాణం మీదకొచ్చి, ఆమె లేచేదాకా ఆగలేని పరిస్థితి అయితే తప్ప, తెలివొచ్చాక ఆమెనే అడగాలి. మీ బావగారి సంతకానికీ ఇదే వర్తిస్తుంది. ఒక్క మాట దాచకుండా చెప్తాను, ఆ కేసులో ఆమె 25 లక్షలు అడిగితే, డాక్టరు మంచి ఉద్దేశంతోనే చేశారని ఇచ్చిన పరిహారం 25 వేలు, దాంతోపాటు ఆపరేషన్ ఫీజు కట్టక్కర్లేదన్నారు. మీ అక్క వయసు, పిల్లలు లేకపోవడం, 34కే నెలసరి ఆగిపోవడం, ఇవన్నీ ఫిర్యాదులో గట్టిగా రాయించండి.

ఈ వారమే ఆసుపత్రికి రాతపూర్వకంగా అడిగి కేస్ షీట్ మొత్తం తీసుకోండి, మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. బావగారి సంతకం పక్కన వేసిన టైమ్‌నీ, చార్టులో మత్తు ఇచ్చిన టైమ్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆపరేషన్ మధ్యలో ముక్క తీసి అప్పటికప్పుడు పరీక్షకి పంపారా (ఫ్రోజెన్ సెక్షన్ అంటారు), పంపితే ఏమొచ్చింది? కాగితాలు చేతికొచ్చాక ఫిర్యాదు మీ అక్క పేరు మీదే వేయండి. గడువు రెండేళ్లు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక హైదరాబాద్ తిరగక్కర్లేదు, ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు.