మొహం మండుతుంటే సీరమ్ పనిచేస్తున్నట్టు కాదు

ప్రశ్న: నా వయసు 39. స్కూల్లో టీచర్‌ని. కళ్ల పక్కన సన్నని ముడతలు, బుగ్గల మీద నల్లమచ్చలు వస్తున్నాయి. వీడియోలు చూసి రెటినాల్, విటమిన్ సి, గ్లైకాలిక్ యాసిడ్ సీరమ్‌లు తెప్పించుకున్నాను. పది రోజులుగా మూడూ రాస్తున్నాను. మొహం ఎర్రబడి మండుతోంది, పొట్టు లేస్తోంది. మొదట్లో అంతేనని, అలవాటయ్యేదాకా భరించాలని అంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: భరించకండి. ఈ రోజే మూడూ ఆపేయండి.

రెటినాల్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు చర్మం కాస్త పొడిబారడం, అక్కడక్కడా పొట్టు రేగడం మామూలే. కానీ మొహమంతా ఎర్రబడి మండుతోందంటే చర్మం పై పొర దెబ్బతిందని అర్థం. మన చామనఛాయ చర్మానికి దీనివల్ల మరో ఇబ్బంది ఉంది. మంట పుట్టిన చోట చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారై, ఎరుపు తగ్గాక అక్కడ నల్లమచ్చ మిగిలిపోతుంది. అది పోవడానికి నెలలు పడుతుంది. మచ్చలు తగ్గాలని రాసుకున్నవే కొత్త మచ్చలు తెచ్చిపెడుతుంటే చూడటానికి నాకు చాలా బాధగా ఉంటుంది.

మూడు వారాల పాటు మొహానికి విశ్రాంతి ఇవ్వండి. గాఢత లేని ఫేస్‌వాష్, సెరమైడ్లు లేదా గ్లిజరిన్ ఉన్న వాసన లేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. ఇవి చాలు. నిమ్మరసం, వంటసోడా లాంటివి అసలు పెట్టకండి.

ముడతలకైనా మచ్చలకైనా అన్నిటికంటే ముందు కావలసింది సన్‌స్క్రీనే. ఎండలో ఉండి ముడతలు తెచ్చే యూవీఏ కిరణాలు కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి కాబట్టి, క్లాసులో కిటికీ పక్కన నిలబడి పాఠం చెప్పినా ఎండ తగులుతున్నట్టే. ఎస్పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ, బ్రాడ్ స్పెక్ట్రమ్ అని రాసి ఉన్నది తీసుకోండి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండితే ఎంత వస్తుందో అంతా మొహానికి, మెడకు పట్టించాలి. చాలామంది ఇందులో సగం కూడా రాయరు. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మీ మచ్చలు మంగు అయితే ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేత రంగు సన్‌స్క్రీన్ ఇంకా మేలు.

మంట పూర్తిగా తగ్గాకే రెటినాల్ సంగతి. ఇది విటమిన్ ఎ రూపం. చర్మంలోకి వెళ్లి రెటినోయిక్ ఆమ్లంగా మారి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్తగా తయారయ్యేలా చేస్తుంది. ఆ ఆమ్లమే ట్రెటినాయిన్ అనే మందు. మొటిమలకు దాన్ని వాడుతున్నవాళ్లలో చర్మం నునుపెక్కడం గమనించాక, ఎండకు పాడైన చర్మంపై దాని ప్రభావాన్ని చూపే పరిశోధన 1986లో వెలువడింది. అంటే రెటినాల్ కుటుంబం మీద నమ్మకానికి గట్టి ఆధారమే ఉంది. లోపం మందులో లేదు, మొదలుపెట్టిన తీరులో ఉంది.

తక్కువ శాతం ఉన్న సీరమ్‌తో, వారానికి రెండు రాత్రులే మొదలుపెట్టండి. కడుక్కున్న మొహం బాగా ఆరాక ముందు మాయిశ్చరైజర్, దాని మీద బఠానీ గింజంత రెటినాల్. మొహమంతటికీ అదే సరిపోతుంది. కనురెప్పలు, ముక్కు మూలలు, పెదవుల అంచులు వదిలేయండి. నెల రోజులు ఇబ్బంది లేకపోతే మూడు రాత్రులకు పెంచండి. ఫలితం కనిపించడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నా, గర్భిణి అయినా రెటినాల్ వాడకూడదు.

రెటినాల్ కుదురుకున్నాక కావాలంటే ఉదయం పూట సన్‌స్క్రీన్ కింద విటమిన్ సి రాసుకోవచ్చు. సీరమ్ ముదురు గోధుమ రంగుకు తిరిగితే పారేయండి, పనికిరాదు. అది కూడా మండితే నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) ఉన్న సీరమ్ చూడండి, చాలామందికి పడుతుంది. గ్లైకాలిక్ యాసిడ్ మీకిప్పుడు అవసరం లేదు. కొల్లాజెన్ క్రీములకు డబ్బు పెట్టకండి. ఆ అణువులు పెద్దవి, చర్మం లోపలికి దిగవు.

మెడికల్ షాపులో అడిగి మచ్చల క్రీము మాత్రం తెచ్చుకోకండి. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో మొహం తెల్లబడినట్టు అనిపిస్తుంది, కొన్నాళ్లకు చర్మం పలచబడి, ఎర్రటి రక్తనాళాలు తేలి, ఆపితే మంట మొదలవుతుంది.

రెండు వారాల్లో ఎరుపు తగ్గకపోయినా, ఈలోపు వాపు వచ్చినా, నీరు కారినా చర్మవైద్యుల్ని కలవండి. వెళ్లేటప్పుడు ఆ మూడు సీసాలూ వెంట తీసుకెళ్లండి.